మోకాటి లోతు

మంగళారం మంగళారం సిరొంచ దవాఖాన వెనుక గదిల
పన్నెండు కుర్చీలు గుండ్రంగ ఏస్త.
తాయి అహేరి బస్సు దిగి వస్తది.
ఆమెకు తెలుగు రాదు,
వీళ్లకు ఆమె మరాఠీ సగమే ఎక్కుతది.
నడుమ నేను, దుబాసిని.
దినానికి రెండు వందలు, ఒక చాయ.

జిల్లాల దారు బంద్.
పుల్ అవుతల బంద్ లేదు.

మొదటి దినమే చెప్పింది తాయి:
"వాడు ఇట్లన్నడు, వీడు అట్లన్నడు అనద్దు.
వాళ్ల నోరే నీ నోరు. నేను అని చెప్పు."
అప్పటిసంది నేనే తాగిన.
తునికాకు పైసలు నేనే పుల్ అవుతల పోసి వచ్చిన,
బిడ్డ పురుడు నాడు నేనే మోరిల పడ్డ.
తెలుగుల "తాగిన" అంటే ఆడో మగో తెల్వది.
మరాఠీల దాగదు.
"మీ ప్యాలో" అంటున్న,
మీసం లేని మగోన్ని, కొంగు సదురుకుంట.

తాయి "తలఫ్" అంటది,
తాగాలని పానం గుంజుడు.
నా చెవిల అది తలపు అని పడ్తది,
ఒక్కోసారి తలుపు అని.
ఒకనాడు తెలిసే తప్పు చెప్పిన:
"తలుపు కొడ్తది. తియ్యకుండ ఇర్వై నిమిషాలు కూసోన్రి.
కొట్టి కొట్టి అదే పోతది."
జాడి లస్మయ్య తలకాయ ఊపిండు:
"పోయినట్టే పోయి పెరటి దిక్కు వస్తది, అక్కా."
తాయి రాసుకున్నది.

సున్న నుంచి పది దాక, ఇయ్యాల తలఫ్ ఎంత?
అంకె ఎవ్వనికి అందలే.
పుల్ గాకముందు పడవ నడిపిన లస్మయ్యే తెగేసి చెప్పిండు:
"పదేంది, పన్నెండేంది.
నాకు మోకాటి లోతు."
ఇగ అందరికి నోరొచ్చింది.
మడిమె. తొడ. నడుము. రొమ్ము.
మూల కూసున్న మడావి దస్రు చెయ్యి కుతిక మీద పెట్టి
ఏం మాట్లాడలే.
తాయి కాయితం మీద మనిషి బొమ్మ గీసి
పక్కన అంకెలు ఏసుకున్నది.
కుతిక అంటే తొమ్మిది.
పదికి మాట లేదు.
పది వచ్చినోడు మంగళారం రాడు.

వద్దని చెప్పుడు కూడ నేర్పుతది.
నేను దోస్తును, నా చేతుల స్టీలు గిలాస, గిలాసల మంచినీళ్లు.
"ఒక్కటే రా, నా మీద ఒట్టు.
నువ్వు తాగకుంటె నాకు మన్ను ముట్టదు."
ఆ మాటలు నాకెవ్వలు నేర్పలే.
లస్మయ్య చెయ్యి దానంతట అదే సాగింది.
అందరు నవ్విన్రు. లస్మయ్య నవ్వలే.

నాలుగో మంగళారం పన్నెండో కుర్చీల
మా ఆయన కూసున్నడు.
తాయి నా దిక్కు చూసింది: ఇంకెవరన్న ఉన్నరా చెప్పెటోళ్లు?
ఇంకెవరుంటరు.

ఆయన గచ్చు దిక్కు చూసుకుంట:
"ఆదారం గొంతు దాక వచ్చింది.
పుల్ సగం దాక పోయిన.
కింద నీళ్లు చూసుకుంట చానసేపు నిలబడ్డ.
మర్లొచ్చిన."
నేను అన్న: మర్లొచ్చిన.
ఎవడో చప్పట్లు కొట్టిండు.
"తాగలే. తాగకుండనే వచ్చి ఇంట్ల కొట్టిన."

"మీ మార్లం."
చిత్రం, ఆ ఒక్క మాటకు మరాఠీల గూడ ఆడా మగా లేదు.
కొట్టినోడెవడో అది చెప్పది.
నేను చెప్పిన. గొంతు వణకలే.
కుడి మోచెయ్యి మాత్రం కొంగు కిందికి పోయింది.
తాయి రెండూ రాసింది,
మర్లొచ్చింది, కొట్టింది,
ఒకదాని కింద ఒకటి.

అందరు పోయినంక కుర్చీలు మడుస్తుంటె
ఎన్నడు నేర్చుకున్నదో రెండు తెలుగు ముక్కలు,
"నీకు... ఎంత లోతు?"

ఇన్ని దినాల మరాఠీ ఒక్కపారి ఎటువొయిందో.
"నాది ఎండకాలపు ప్రాణహిత, తాయీ.
పైకి ఇసుకే.
చెలిమె తవ్వాలె, చేతులతోటి."
తెలుగులనే అన్న.
గదిల దుబాసి లేదు.

తాయి కలం తీసింది, మల్ల జేబుల పెట్టింది.
మడిచిన కుర్చీ ఒకటి ఇప్పి
నా ముందర కూసున్నది.